ఆమడలు, ఘడియలు: హైదరాబాదు నుండి చికాగో వరకు

భూమి గోళాకారమని మన పూర్వులు ఎరుగనివారు కారు. క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు రచించిన సిద్ధాంత గ్రంథమునందు నాలుగు పురముల ప్రసక్తి కలదు. భూమధ్యరేఖ మీద లంక, దానికి తొంబది భాగల తూర్పున యమకోటి, తొంబది భాగల పడమట రోమకము, సరిగా అవతలి ప్రక్కను సిద్ధపురము. లంకలో సూర్యుడు ఉదయించు వేళకు యమకోటిలో మధ్యాహ్నము, రోమకములో అర్ధరాత్రము, సిద్ధపురములో అస్తమయము. లంకయని చెప్పిన స్థానము ఉజ్జయిని మీదుగా పోవు రేఖకు సంబంధించినది. కనుక సిద్ధపురము మనకు నేరుగా అడుగున ఉన్న పురమన్నమాట. అక్కడ నరులుందురో లేదో ఆనాటి వారికి తెలియదు. లెక్క మాత్రము తెలియును.

ఆ సిద్ధపుర ప్రాంతమున నేడు తెలుగువారు కాపురములు చేయుచున్నారు. ఉత్తరమునకు జరిగినను రేఖ ఇంచుమించు అదియే. భారతదేశపు గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖ ననుసరించి నడచును. ఈ రేఖ మన కాకినాడ దాపుననే పోవుచున్నది. చికాగో గడియారము 90 డిగ్రీల పశ్చిమ రేఖ ననుసరించును. రెంటికి నడుమ 172½ డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిముషముల చొప్పున గుణించిన 690 నిముషములు, అనగా పదునొకండున్నర గంటలు అగును. వేసవిలో వారు గడియారమును ఒక గంట ముందునకు జరుపుదురు గనుక అప్పుడు పదిన్నర గంటలే. పంచాంగకర్తలు దేశాంతర సంస్కార మని చెప్పునది ఇదియే. అమెరికాలోని తెలుగువారు తిథులను నిర్ణయించుకొనుటకు అక్కడి సూర్యోదయమునకు వేరుగా గణించిన పంచాంగమును చూచుకొనుటకు కారణము కూడ ఇదియే.

ఒక పల్లెటూరి గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనునంతటి కాలములోనే హైదరాబాదునకును ఆ దూరదేశమునకును నడుమనున్న దారి పలుమార్లు మారినది. ఆ మార్పుల చరిత్రము మన ఊళ్లలోని ప్రతి వీధికిని సంబంధించినదే. పెక్కు ఇండ్లలో తండ్రి యొక గడియారమును, కొడుకు వేరొక గడియారమును చూచుచున్న కాలమిది.

మొదట పాతకాలపు దారిని తలచుకొందము. గోలకొండ ప్రభువుల నాడు విదేశములకు పోవు ద్వారము మచిలీపట్టణము. డచ్చివారు 1605 ప్రాంతమునను, ఆంగ్లేయులు 1611లోను అక్కడ దిగిరి. హైదరాబాదునుండి ఆ రేవునకు సుమారు 340 కిలోమీటర్లు. ఎడ్లబండి దినమునకు పాతిక కిలోమీటర్లు నడచునని పట్టుకొన్నను పదునాలుగు మజిలీలు. అక్కడినుండి ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి ఐరోపా చేరుటకు ఓడకు నెలలు పట్టెడిది. 1869లో సూయెజు కాలువ తెరచిన పిమ్మట ఆ చుట్టు తప్పినది గాని, సముద్రయానము మాత్రము వారముల లెక్కనే ఉండెను.

ఆ వారముల దూర మెట్టిదో ఒక మహనీయుని జీవితము చెప్పుచున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920 దశకపు తొలినాళ్లలో భార్యను స్వదేశముననే విడిచి, ఓడనెక్కి బోస్టను చేరిరి. హార్వర్డులో చదివి, తరువాత లెడర్లే పరిశోధనాలయమున మందులు కనిపెట్టి లోకమునకు ఉపకారము చేసిరి. కాని మరల భారతభూమిపై అడుగు పెట్టలేదు. 1948లో న్యూయార్కునందే దేహము చాలించిరి. దూరమొక్కటే దీనికి కారణమని అనరాదు. ధనము, పని, యుద్ధము మున్నగునవి కూడ ఉండవచ్చును. అయినను పోవుటకొక మాసము, వచ్చుటకొక మాసము పట్టు కాలమున ఒకసారి వచ్చి చూచిపోవుట యన్నమాటకు అర్థము లేదు.

విధివశమున అదే 1948వ సంవత్సరమున దారి మారుట ఆరంభమైనది. జూను 8వ తేదిని ఎయిర్ ఇండియా వారి మలబారు ప్రిన్సెస్ అను విమానము బొంబాయినుండి లేచి, కైరో, జెనీవాలలో ఆగి, 10వ తేదిని లండను చేరెను. అంతకు మూడేండ్ల ముందే, 1945లో, నిజాము ప్రభుత్వమును టాటావారును కలిసి డక్కను ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించి బేగంపేట నుండి డకోటా విమానములను నడపుచుండిరి. 1953లో అది జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. 1960 మే నెలలో ఎయిర్ ఇండియావారు జెట్ విమానములను న్యూయార్కు వరకు నడపసాగిరి. 1965లో అమెరికా ప్రభుత్వము వలస చట్టమును సవరించుటతో మన వైద్యులకును ఇంజనీర్లకును అక్కడి తలుపులు తెరచుకొనెను.

ఐనను ఆనాడు పోయినవారు పట్టణమునకు ఒకరో ఇద్దరో. పల్లెలకు ఆ ప్రవాహము పారినది హైటెక్ సిటీ వచ్చిన పిమ్మటనే. మాదాపురము నాడు రాళ్లగుట్టల నడుమనున్న గ్రామము. ప్రక్కనే ఒకప్పుడు గోలకొండకు నీరందించిన దుర్గము చెరువు. 1998 నవంబరు 22వ తేదిని ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు, ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారి సమక్షమున, అక్కడ సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. ఆ సంవత్సరముననే మైక్రోసాఫ్టు సంస్థ హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును పెట్టెను. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ కూడ అప్పుడే వెలసెను. 2001లో ఆ ప్రాంతమునకు సైబరాబాదు అభివృద్ధి సంస్థ ఏర్పడెను.

ఇక్కడ ఒక విశేషము గమనింపదగినది. మనుష్యులకంటె ముందుగా పని ప్రయాణము చేసినది. భూమికి ముప్పదియారు వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహమునకు సంకేతము పోయి తిరిగి నేలకు వచ్చుటకు పట్టు కాలము పావు సెకను మాత్రమే. సిద్ధపురములో అస్తమయమైనపుడు లంకలో ఉదయమను సిద్ధాంతమే వ్యాపారమునకు మూలధన మాయెను. అమెరికాలో కార్యాలయము మూయు వేళకు మాదాపురమున తెరచుదురు. సాయంకాలమునకు పని ముగించి అప్పగింతురు. ఒకే పని రేయింబవళ్లు ఆగక నడచును. అటువారితో మాటలాడవలసిన కొలువులవారు మాత్రము తమ రాత్రులనే ఒప్పగింపవలసి వచ్చెను. అర్ధరాత్రివేళ ఆ దారుల వెంట వాహనములు బారులు తీరుటకు కారణమిది. వచ్చిన జీతముతో పల్లెలో అప్పులు తీరెను, మిద్దెలు లేచెను. పోయిన నిద్రకు ఏ పద్దునను జమ లేదు.

పని వెంట మనుష్యులును పోసాగిరి. నిపుణులైన ఉద్యోగులకై అమెరికావారు 1990 చట్టముతో ఏర్పరచిన హెచ్-1బి అనుమతులు సంవత్సరమునకు 65 వేలు. కంప్యూటరు పని ముమ్మరమైన 2001 మొదలు 2003 వరకు వాటిని 1,95,000కు పెంచిరి. అప్పుడు హైదరాబాదునుండి బయలుదేరువారు మొదట దక్షిణముగా చెన్నపట్టణమునకు పోయి అక్కడి అమెరికా కాన్సులేటునందు వీసా అడుగవలసియుండెడిది. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెసునందు అమెరికా కాన్సులేటు తెరచుటతో ఆ ప్రయాణము తప్పెను. 2023 మార్చిలో అది నానకరాంగూడకు, అనగా ఆ ఐటీ కార్యాలయముల నడుమకే, తరలినది.

ఆ 2008వ సంవత్సరమే విమానాశ్రయమును మార్చినది. నగరము నడుమనున్న బేగంపేట చాలకపోవుటచే, మార్చి 23వ తేదినుండి ప్రయాణికుల విమానములన్నియు శంషాబాదు నుండి నడచుచున్నవి. అక్కడి ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. వేడిగాలి పలుచనిది, అది రెక్కలకు తక్కువ ఆధారము నిచ్చును. మన వేసవి మధ్యాహ్నమున నిండు బరువుతో లేవవలసిన విమానమునకు అందుచేత పొడవైన బాట కావలెను. మాదాపురము వారికి బేగంపేట పది పన్నెండు కిలోమీటర్లు. శంషాబాదు ముప్పది దాటినది. కాని 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిలో గచ్చిబౌలి, శంషాబాదుల నడిమి భాగము ముందుగా పూర్తి యగుటచే ఎక్కువ దూరము తక్కువ కాలమున సాగుట సాధ్యమాయెను. దూరమును కాలమును వేరువేరు పద్దులుగా వ్రాసుకొనవలెనని ఇదియే మొదటి పాఠము.

ఇక అసలు లెక్కకు వత్తము. హైదరాబాదు నుండి చికాగోకు దూరమెంత? గోడమీద వ్రేలాడు చదునైన పటమున రెండు పట్టణములను సరళరేఖతో కలిపినచో అది ఆఫ్రికా మీదుగా, అట్లాంటికు సముద్రము మీదుగా పోవును. ఆ రేఖవెంట లెక్కించిన సుమారు 16,100 కిలోమీటర్లు. కాని అది దగ్గరదారి కాదు. గ్రంథాలయమున భూగోళ మొకటి ఉన్నచో చదువరులు స్వయముగా పరీక్షింపవచ్చును. ఒక దారమును హైదరాబాదు మీద అదిమిపట్టి, రెండవ కొసను చికాగో వరకు బిగువుగా లాగవలెను. దారము పడమటికి పోక ఉత్తరమునకు జరుగును. మధ్య ఆసియా మీదుగా, రష్యా మీదుగా, మంచుసముద్రము మీదుగా 79వ అక్షాంశము వరకు పోయి, గ్రీన్‌లాండు, కెనడాల మీదుగా దిగును. ఆ దారపు పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు. పటము చూపిన దానికంటె 2,800 కిలోమీటర్లు తక్కువ. దీనినే మహావృత్త మార్గమందురు. గోళము కేంద్రముగుండా కోసిన అంచు వెంట పోవునదియే గోళముపై మిక్కిలి దగ్గర దారి.

ఈ దూరమును ఎనిమిది మైళ్ల ఆమడలలో చెప్పినచో సుమారు 1,030 ఆమడలు. దినమునకు రెండామడలు నడచువాడు, దారి యంతయు నేలయే యనుకొన్నను, ఏడాదిన్నరకు చేరును. దీనిని ఒకే ఎగురుటలో దాటిన దినమును వచ్చినది. 2021 జనవరి 15వ తేదిని ఎయిర్ ఇండియావారు హైదరాబాదు, చికాగోల నడుమ మధ్య నెక్కడను ఆగని విమానమును ఆరంభించిరి. అమెరికాకు హైదరాబాదు నుండి ఆగని విమానము అదియే మొదటిది. నడిపినది బోయింగు 777-200 ఎల్.ఆర్. అను దూరగామి. నిండు బరువుతో లేచునప్పుడు దాని తూకము ఇంచుమించు 347 టన్నులు. అందులో 145 టన్నుల వరకు ఇంధనమే పట్టును. దూరము పోవుటకు ఇంధనము కావలెను. ఆ ఇంధనమును మోయుటకు మరికొంత ఇంధనము కావలెను. అందువలననే మిక్కిలి దూరపు విమానములు నడపుట వ్యయముతో కూడిన పని.

కాలపట్టిక ప్రకారము ఆ విమానము మధ్యాహ్నము 12 గంటల 50 నిముషములకు హైదరాబాదు విడిచి, అదే తేది సాయంకాలము 6 గంటల 5 నిముషములకు చికాగో చేరవలెను. గడియారములను మాత్రమే చూచువానికి అయిదుంబావు గంటల ప్రయాణము! దానికి పదునొకండున్నర గంటల దేశాంతరమును కలుపగా 16 గంటల 45 నిముషములు వచ్చును. అదియే నిజమైన ప్రయాణకాలము. మన లెక్కలో నలువది రెండు ఘడియలు. తిరుగు ప్రయాణము ఇందుకు విపరీతము. రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడ ఎక్కినవాడు ఇక్కడ అర్ధరాత్రి దాటిన 40 నిముషములకు దిగును, కాని మధ్యనున్న దినమంతయు ఎచటికో పోయినట్లు తోచును. ఎక్కినది 13వ తేది, దిగినది 15వ తేది. విమానమున గడపినది మాత్రము 15 గంటల 40 నిముషములే.

పోవుటకంటె వచ్చుటకు గంటకు పైగా తక్కువ పట్టుట యేల? భూమి తూర్పునకు తిరుగుచున్నది గనుక అని కొందరందురు, అది సరికాదు. అదియే నిజమైనచో పడమటికి పోవునదే త్వరగా చేరవలెను గదా! భూమితో పాటు గాలియు, గాలితో పాటు విమానమును తిరుగుచున్నవి. అసలు కారణము పై ఆకాశమున పడమటినుండి తూర్పునకు ప్రవహించు బలమైన గాలులు. ఏటివాలున పోవు పడవకు, ఏటికెదురు పోవు పడవకు గల భేదమే ఇక్కడను. అందుచేతనే దూరము ఒక్కటియైనను పోకకు రాకకు కాలము వేరు. ఋతువును బట్టియు వేరు.

ఆ సేవ కొంతకాలమునకు నిలిచిపోయినది. అంతకుముందును తరువాతను మనవారు ఎక్కువగా నడుమ నొకచోట దిగి మారుచునే పోయిరి. దుబాయి మీదుగా లెక్కింతము. హైదరాబాదు నుండి దుబాయి 2,550 కిలోమీటర్లు, అక్కడినుండి చికాగో 11,640, మొత్తము 14,190. దగ్గరదారికంటె తొమ్మిదివందల కిలోమీటర్లు ఎక్కువ. అనగా ఆకాశమున ఒక గంట. మరి ప్రయాణము అంతటి దీర్ఘమగుట యెందుచేత? పల్లెనుండి వచ్చు ఒక ప్రయాణికుని పద్దు వ్రాసి చూడుడు. ఊరినుండి శంషాబాదునకు నాలుగు గంటలు; ముందుగా చేరి కాచుకొనుట మూడు; దుబాయికి నాలుగు; అక్కడ నిరీక్షణ నాలుగు; చికాగోకు పదునారు; దిగిన పిమ్మట పత్రముల పరీక్షకు, ఇల్లు చేరుటకు రెండు. మొత్తము ముప్పది మూడు గంటలు. ఇందు ఎగిరినది ఇరువది. పదుమూడు గంటలు నేలమీదనే వ్యయమైనవి. కాలము పోవునది మబ్బులలో కాదు, వరుసలలో.

ఈ పద్దు వినోదమునకై వ్రాయునది కాదు. ఊరిలో తండ్రి అస్తమించెనని కబురు పావు సెకనులో పోవును. కొడుకు రావలెనన్నచో మంచి పరిస్థితులలో రెండు పగళ్లు, ఒక రాత్రి. శవమును అంతవరకు నిలుపుటకు మంచుపెట్టె తెప్పింతురు. బంధువులు వాకిట కూర్చుందురు. నిలుపుటయా, చిన్నకొడుకో అల్లుడో కర్మ నడుపుటయా అను ప్రశ్నను తేల్చునది ఒక్కొక్కప్పుడు శాస్త్రము కాదు, విమానముల కాలపట్టికయే. ఊరి పెద్దలు దీనిని ముందుగా ఎరిగియుండుట మంచిది.

దూరము మారకయే దారి మూసికొనిపోయిన కాలమును చూచితిమి. 2020 మార్చి చివర మహమ్మారి కారణమున విదేశీ విమానములన్నియు ఆగిపోయెను. మే 7వ తేదినుండి వందే భారత్ పేర ప్రభుత్వము ప్రత్యేక విమానములు నడపి పరదేశములలో చిక్కుకొన్నవారిని తెచ్చెను. సాధారణ సేవలు మరల మొదలైనది 2022 మార్చి 27న. ఆ రెండేండ్లలో అదే 13,300 కిలోమీటర్లు కొందరికి సుబ్బారావుగారి నాటి దూరమే యైనది. కన్నవారి కడచూపును ఫోను తెరమీద చూచి స్నానము చేసినవారు కలరు. పిమ్మట 2025 ఏప్రిలులో పాకిస్తాను తన ఆకాశమును భారత విమానములకు మూసివేయగా, పడమటి దేశములకు పోవు మన విమానములు చుట్టు తిరిగి, కొన్ని నడుమ ఇంధనమునకై దిగి, గంటలు ఎక్కువ తీసికొనెను. దారమును బిగించి కొలిచిన దూరము గోళమునకు సంబంధించినది. నడచు దారి రాజ్యములకు సంబంధించినది.

పెద్దన మనుచరిత్రమునందలి ప్రవరుని కథ తెలుగు చదువరులందరకు పరిచితము. సిద్ధుడిచ్చిన పాదలేపముతో నిముషమున హిమాలయము చేరెను. చూడవలసినవెల్ల చూచి ఇంటికి మరలబోవునప్పటికి మంచునీటికి లేపము కరిగిపోయినది. నిత్యాగ్నిహోత్రము, తల్లిదండ్రులు, భార్య జ్ఞప్తికి వచ్చి ఆ బ్రాహ్మణుడు పడిన ఆరాటమే ఆ కథకు ప్రాణము. పోవుటకు ఉపాయము నేర్చినవాడు వచ్చుటకు ఉపాయమును ముందుగా విచారింపలేదు. నేటి లేపము వీసా. తండ్రికి జబ్బు చేసినదని వచ్చినచో మరల ఆ ముద్ర దొరకునో లేదో, కొలువు నిలుచునో లేదో అను భయముతో ఎందరో పిల్లలు ఉన్నచోటనే ఉండిపోవుచున్నారు. వారికి ప్రేమ తక్కువని ఊరివారు నిందించుట న్యాయము కాదు. ప్రవరునకు అగ్నిదేవుడు తోడైనాడు. వీరికి తోడుగా ఉన్నది కాగితములు మాత్రమే.

కనుక దూరదేశమునకు పోవు యువకులు టిక్కెట్టు వెల విచారించునప్పుడే తిరుగుదారిని కూడ విచారింపవలెను. ఏ మాసమున రాగలరో, ఏ పత్రము ఎప్పటివరకు చెల్లునో తల్లిదండ్రులకు చెప్పి పోవలెను. పెద్దలును తాము బలముగా ఉన్న దినములలోనే పిల్లలను చూచుటకు ఏర్పాటు చేసికొనవలెను గాని, కడపటి ఘడియకు విమానము అందునని నమ్మియుండరాదు. నెలల తరబడి ఓడదారి నలువది రెండు ఘడియల గగనయాన మగుట ఈ నాలుగు శతాబ్దుల మానవ ప్రయత్నమునకు ఫలము. మిగిలిన దూరమును తగ్గించు భారము ఇరువైపుల నున్నవారిదే. గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఒక దారమును తెచ్చి గోళముపై తమ అన్నలున్న ఊరికి కొలిచి చూతురు గాక. పటమున అంత దూరముగా కనిపించినది గోళముపై ఎంత దగ్గరయో వారికి కన్నులార తెలియును.